నా గురి, ఆయన ఆకురాయి

మార్చి 3, సోమవారం

రోల్ కాల్ అయ్యాక పెద్దసారు అందరినీ నిలబెట్టి చెప్పారు. మా గార్డుల కేంద్రంలో షూటింగ్ ఇన్‌స్ట్రక్టర్ పోస్టు ఖాళీ అయింది. పాతాయన మోకాళ్ళు పోయి ఇంట్లో కూర్చున్నాడు. లోపలివాళ్ళలోంచే ఒకరిని తీసుకుంటారట. పరీక్ష రెండు విడతలు. పదిహేడున గుండ్రటి టార్గెట్, ఆ తర్వాతి సోమవారం మనిషి బొమ్మ. రెండూ కలిపి ఎవరికి ఎక్కువొస్తే వాళ్ళది ఉద్యోగం.

చెయ్యెత్తింది ఇద్దరం. నేనూ, ఇస్త్రీ.

ఇస్త్రీ అని పేరు పెట్టింది నేనే. వాడి ప్యాంటు మడత మీద వేలు పెడితే తెగుతుంది. నాకంటే పన్నెండేళ్ళు చిన్న. నన్ను అక్కా అంటాడు. ఆ పిలుపులో ఎంత వెటకారం ఉందో తెలియాలంటే నాలా ఏళ్ళ తరబడి గేటు దగ్గర నిలబడి వచ్చేపోయేవాళ్ళ గొంతులు విని ఉండాలి. నేను చెయ్యెత్తగానే ఇటు తిరిగి, మంచిదక్కా, పోటీ ఉంటేనే సరదా అన్నాడు. ఆ మధ్య క్యాంటీన్‌లో ఇదే పెద్దమనిషి ఏమన్నాడో నేను మర్చిపోలేదు. నలభై దాటినవాళ్ళ దగ్గర పిస్టల్ తీసేసుకుని విజిటర్స్ టేబుల్ దగ్గర కూర్చోబెడితే అందరికీ క్షేమం అన్నాడు. వాడు ఇన్‌స్ట్రక్టర్ అయితే ఏటా మా అందరి గురి పరీక్ష కాగితాల మీదా సంతకం పెట్టేది వాడే. అంటే నా నడుముకి పిస్టల్ ఉండాలో, చేతిలో పెన్ను ఉండాలో వాడు చెబుతాడన్నమాట.

చస్తే ఒప్పుకోను.

మార్చి 4, మంగళవారం

ప్రాక్టీస్‌కి వెళ్ళాను. ఎలా కాల్చానో రాయడానికి చెయ్యి రావడం లేదు.

తప్పు నాది కాదు, సైట్‌ది. పిస్టల్ మూతి మీద నిలబడి ఉండే చిన్న పలక, అదే ముందు సైట్. దాని మీద తెల్ల చుక్క ఉండేది, సగం రాలిపోయింది. వెనక సైట్ గాడిలోంచి చూస్తే ఆ పలక ఒకసారి ఒకటిగా, ఒకసారి రెండుగా కనిపిస్తోంది. రెండుగా కనిపించడం కూడా సైట్ తప్పే. నా కళ్ళకేం రోగం.

కొత్తది పెట్టించుకోవాలి. రూలు ప్రకారం వెనక సైట్ ముట్టుకోకూడదు గానీ ముందుది ఎవరికి నచ్చింది వాళ్ళు పెట్టుకోవచ్చు. ఇస్త్రీ అప్పుడే మార్చేశాడు, ఆకుపచ్చగా మెరిసేదేదో. చిక్కంతా ఎక్కడంటే, కంపెనీ పిస్టల్‌ని కంపెనీ ఒప్పుకున్న షాపులోనే విప్పాలి. అలాంటి షాపు ఒక్కటే ఉంది. అది నా మాజీ మొగుడిది.

మార్చి 5, బుధవారం, సాయంత్రం

వెళ్ళాను. ఏ ముఖం పెట్టుకుని వెళ్ళానంటే, యూనిఫాం ముఖం పెట్టుకుని వెళ్ళాను.

తలుపు తోయగానే అదే వాసన, నూనె, ఇనప రజను. కౌంటర్‌లో వదిన, అంటే ఆయన అక్క. విడాకులై ఏడేళ్ళయినా ఆవిడని ఇంకేమని పిలవాలో తెలీక వదినా అనే పిలుస్తాను. ఆవిడ కూడా, ఏమే, చిక్కిపోయావ్ అంది, నిన్న సాయంత్రమే చూసి వదిలిపెట్టినట్టు. నేను చిక్కలేదు. యూనిఫాం మొన్ననే వదులు చేయించాను.

ఆయన వెనక గదిలో ఉన్నాడు. మధ్యలో గాజు తలుపు. తల వంచుకుని ఆకురాయితో ఏదో రాకుతున్నాడు. దీపం కింద బట్టతల మెరుస్తోంది. నేను వచ్చానని తెలుసు, తల ఎత్తలేదు. నేనూ లోపలికి పోలేదు. ఆయనతో మాట్లాడాలంటే నాకో ఇబ్బంది ఉంది. మీరు అనడానికి మనసొప్పదు, నువ్వు అనడానికి నోరు తిరగదు. అందుకని ఏడేళ్ళుగా ఏదీ అనకుండా నెట్టుకొస్తున్నాను.

వదిన ట్రే తీసి పరిచింది. సన్నటి నల్లవి, వెడల్పాటి నల్లవి, తెల్ల చుక్కవి, ఇత్తడి పూసవి. ఒక గడిలో ఎర్ర పుల్లవి ఉన్నాయి. చిన్న ప్లాస్టిక్ పుల్ల, గదిలో ఉన్న వెలుతురంతా పీల్చుకుని కొసన నిప్పురవ్వలా వెలుగుతుంది. ఒక్కోటీ తీసి చేతులు చాచి చూస్తున్నాను. లోపల్నుంచి ఆయన అక్కని పిలిచాడు. ఆవిడ వెళ్ళొచ్చి, సన్నటి నల్లది తీసుకోమంటున్నాడే, నీ కంటికి అదే కుదురుతుందట అంది.

నా కంటికి! ఏడేళ్ళుగా నా మొహమే చూడని మనిషి నా కంటి సంగతి చెబుతున్నాడు. అరికాలి మంట నెత్తికెక్కింది. ఎర్రది ఇవ్వండి వదినా అన్నాను. లోపలికి వినపడాలని గట్టిగానే అన్నాను.

నిజానికి ఆ క్షణంలో నా చేతిలో ఉన్నది సన్నటి నల్లదే. దాన్నే తీసుకుందామనుకుంటున్నాను. తీసి ట్రేలో పడేశాను.

మార్చి 6, గురువారం

ఎర్రది బిగించి ఇచ్చాడు. పనికి వంక పెట్టడానికి లేదు. అదొక కడుపుమంట.

మార్చి 8, శనివారం

రేంజిలో ట్యూబులైట్ల కింద ఎర్రది వెలగడం కాదు, ఉబ్బింది. అంచు లేదు, కొస లేదు. కోటు గుండీ అంత ఎర్రటి మచ్చ. నల్ల గుండ్రం మీద పెడితే సగం గుండ్రం మాయం. తూటాలు గుప్పెడు గింజలు విసిరినట్టు పడ్డాయి.

ఇస్త్రీ పక్క లైనులోంచి వచ్చి నా టార్గెట్‌ని తీరిగ్గా చూశాడు. ఎర్రది మీకు బాగా నప్పుతుందక్కా, పిస్టల్‌కే నప్పలేదు అన్నాడు. నలుగురూ నవ్వారు. నేనూ నవ్వాను. పళ్ళు నూరినా దూరం నుంచి నవ్వినట్టే కనిపిస్తుంది.

వాడి టార్గెట్ కూడా చూశాను. కుదురుగా పడుతున్నాయి. ఏం లాభం దాచి, బాగా కాలుస్తాడు వెధవ.

మార్చి 9, ఆదివారం

అమ్మకి చెప్పడమే నా బుద్ధి తక్కువ. కూర తరుగుతూ, అల్లుడు చెప్పింది వింటే పోయేదిగా అంది. ఇంకా అల్లుడే! కోర్టు వదిలేసింది, నేను వదిలేశాను, మా అమ్మ ఒక్కతే వదల్లేదు. ఎవరికి అల్లుడు, నీకింకో కూతురుందా అన్నాను. ముక్కు మీద కోపం నీకు, ఆయనేం చేశాడని అంత పగ, తాగాడా, కొట్టాడా అంది.

తాగలేదు. కొట్టలేదు. అదే కదా నా ఖర్మ. జనానికి చెప్పుకోవడానికి ఒక్క మంచి కారణం కూడా ఇవ్వలేదు.

ఒకసారి నేను డ్యూటీ దిగి ఇంటికి వెళ్ళేసరికి తాళం. పక్కింటావిడ, అదేంటి, మీరు ఖాళీ చేశారుగా అంది. ఆయన పొద్దున్నే లారీ పిలిచి సామానంతా వేరే ఇంటికి చేర్పించేశాడు. వెతుక్కుంటూ వెళితే కొత్త ఇంట్లో కర్టెన్లు కడుతున్నాడు. నీకు నచ్చుతుందని తెలుసు అన్నాడు. నచ్చింది కూడా! పెద్ద కిటికీలు, వంటగదిలో వెలుతురు. ఆ రోజు ఆ కిటికీల ముందు నిలబడి ఎంత ఏడ్చానో, ఎందుకు ఏడుస్తున్నానో ఆయనకి చెప్పలేకపోయాను. పన్నెండేళ్ళ కాపురంలో నన్ను అడిగి చేసిన పని ఒక్కటి చూపించమనండి. అడగడం అంటే ఆయన దృష్టిలో తెలియనివాళ్ళు చేసే పని. ఆయనకి అన్నీ తెలుసు.

ఇదంతా అమ్మకి చెబితే, మంచి ఇల్లే కదే అంటుంది. అన్నది కూడా.

మార్చి 11, మంగళవారం

కళ్ళ డాక్టర్ దగ్గరికి వెళ్ళాను. గడ్డం కూడా సరిగా రాని కుర్రాడు. మీ వయసుకి ఇది మామూలే ఆంటీ అన్నాడు. ఆంటీ అనకు, వయసు అనకు, మిగతాది చెప్పు అన్నాను. బెదిరిపోయి తర్వాత అంతా మర్యాదగానే చెప్పాడు.

చేతులు చాచినంత దూరంలో చూపు తేలిపోతోందట. దానికి విడిగా అద్దాలుంటాయి. పెట్టుకుంటే ముందు సైట్ సూదిలా కనిపిస్తుంది, టార్గెట్ కాస్త మసకబారినా ఫర్వాలేదు. అద్దాలు పెట్టి చేతిలో పెన్ను నిలబెట్టి చూడమన్నాడు. చూశాను. పెన్ను అంచులు కత్తిరించినట్టున్నాయి. సన్నటి నల్ల బ్లేడైతే గాడిలో అటూ ఇటూ వెలుతురు గీతలు చక్కగా తెలుస్తాయని అక్కడే అర్థమైంది.

అంటే ఆ మనిషి అన్నదే నిజం. ఇంతకంటే దరిద్రం ఇంకోటి ఉండదు.

మార్చి 12, బుధవారం

మళ్ళీ ఆ షాపుకే. వదిన దెప్పిపొడుస్తుందనుకుని మాటలు సిద్ధం చేసుకుని వెళ్ళాను. ఆవిడ ఒక్క మాట అనలేదు. ఎర్రది విప్పడానికి పిస్టల్‌ని పక్కన పెట్టింది, సన్నటి నల్లది తీసింది. సిద్ధం చేసుకున్న మాటలన్నీ గొంతులోనే ఉండిపోయాయి.

ఆయన గాజు తలుపు వెనకే. వదిన అడిగింది, ఇది మొద్దు ముక్క, ఎత్తు రాకి సరిచెయ్యాలి, గురి ఎక్కడ పెడతావో చెప్పు, లోపల చెప్పాలి అని. నాకు తిక్క రేగింది. నన్ను అడగమని పంపింది ఆయన కాదు, ఆవిడే అడుగుతోంది. ఆయన తల కూడా ఎత్తలేదు. నా కంటి సంగతే తెలిసినాయనకి నా గురి సంగతి తెలీదా వదినా, నేను చెప్పేదేముంది అన్నాను. వదిన లోపలికి వెళ్ళింది. వెంటనే తిరిగొచ్చి, సరేనన్నాడు అంది.

బాగా అన్నాను. దారంతా అదే తలుచుకుని నవ్వుకున్నాను.

మార్చి 15, శనివారం

రేంజి పైకప్పు రేకులు మారుస్తున్నారు. పరీక్ష దాకా మూత. ప్రాక్టీస్ లేదు. ఇస్త్రీకీ లేదుగా, అని సర్దిచెప్పుకున్నాను.

మార్చి 16, ఆదివారం

పిస్టల్ తెచ్చుకున్నాను. బ్లేడు చూస్తే ముచ్చటేసింది. వెనక వైపు సన్నటి గీతలు చెక్కాడు, వెలుతురు పడినా మెరవకుండా. కొలిచినట్టు నిటారుగా ఉంది. కొత్త అద్దాలు పెట్టుకుని గోడ మీద గడియారం ముల్లు కేసి చూశాను. ఇంత స్పష్టంగా చూసి ఎన్నాళ్ళయిందో.

రేపు ఇస్త్రీ మడత చెడగొడతాను.

మార్చి 17, సోమవారం

వరసగా రాస్తాను, లేకపోతే తల పగిలిపోతుంది.

పరీక్షకి ముందు లెక్కలోకి రాని తూటాలు అయిదు ఇస్తారు, సైట్ సరిచూసుకోవడానికి. అద్దాలు పెట్టుకుని లైనులో నిలబడ్డాను. నల్ల బ్లేడు గాడి మధ్యలో నిలబడింది, అటూ ఇటూ వెలుతురు గీతలు. గుండ్రం నడిమధ్యన పెట్టి నొక్కాను. అయిదూ ఒక్కచోట పడ్డాయి, అరచేత్తో కప్పేయొచ్చు. కానీ మధ్యలో కాదు. నల్ల గుండ్రం పై అంచున.

ఒక్క క్షణం బుర్ర తిరిగింది. తర్వాత అర్థమైంది.

ముందు సైట్ ఎంత పొట్టిదైతే తూటా అంత పైన పడుతుంది. ఆయన దాన్ని లెక్క చూసి మరీ పొట్టిగా రాకాడు. ఎందుకంటే ఆయన దగ్గర పిస్టల్ కాల్చడం నేర్చుకున్న రోజుల్లో నేను గుండ్రం మధ్యలో గురి పెట్టేదాన్ని కాదు. కింద అంచు మీద సైట్‌ని ఆనించేదాన్ని, తూటా పైకెళ్ళి మధ్యలో పడేది. అది ఆయన పద్ధతి. కింద కూర్చోబెట్టు, ఊపిరాపు, నొక్కు. ఇల్లు వదిలిన నెలలోనే ఆ గురి కూడా వదిలేశాను. ఎక్కడ తగలాలో అక్కడే చూడాలని పట్టుబట్టి చెయ్యి మార్చుకున్నాను. ఏడాది పట్టింది, ఆ ఏడాదంతా ఎన్ని తిట్లు తిన్నానో. నా సొంతమని చెప్పుకోవడానికి నాకున్న గురి అదొక్కటే. ఆ సంగతి ఆయనకి తెలీదు. ఎలా తెలుస్తుంది? వదిన నోరు తెరిచి అడిగితే నేను వెటకారం చేశాను.

లైనులోకి వచ్చాక పిస్టల్‌కి పనిముట్టు తగిలించకూడదు. రాకేసిన ఇనుము తిరిగి మొలవదు. పక్క లైనులో ఇస్త్రీ కాలర్ సర్దుకుంటున్నాడు. ఇక దారి ఒక్కటే ఉంది.

కింద అంచు మీద కూర్చోబెట్టాను.

ప్రతి తూటాకీ ఆ గొంతు చెవిలో మోగింది. ఊపిరాపు అన్నప్పుడు ఆపాను, నొక్కు అన్నప్పుడు నొక్కాను. ఏడేళ్ళు కష్టపడి మర్చిపోయిందంతా చేతులకి గుర్తుంది. సిగ్గులేని చేతులు. స్కోరు చదివారు. నా జన్మలో అంత ఎప్పుడూ రాలేదు. ఇస్త్రీ మూడు పాయింట్లు వెనక.

అందరూ చప్పట్లు కొట్టారు. పెద్దసారు నా పిస్టల్ తీసి చూసి, ఆ సైట్ పెట్టింది ఎవరమ్మా, బ్రహ్మాండంగా ఉంది అన్నారు. షాపాయన సార్ అన్నాను. ఇంకేం చెప్పను.

మార్చి 18, మంగళవారం

కడుపులో పెట్టుకోలేక వెళ్ళి అడిగేశాను. వదినని దాటుకుని, గాజు తలుపు తోసుకుని లోపలికి వెళ్ళాను. ఏడేళ్ళలో మొదటిసారి.

ఎవరినడిగి పొట్టిగా రాకినట్టు అన్నాను. ఆయన కళ్ళకి పెట్టుకున్న భూతద్దం పైకి తోసి, నువ్వు కింద అంచు మీద పెడతావుగా అన్నాడు. పెట్టను అన్నాను. పెట్టకపోవడమేంటి అన్నాడు. ఏడేళ్ళ కిందట మానేశాను అన్నాను. మరి చెప్పలేదే అన్నాడు. మరి అడగలేదే అన్నాను. ఇద్దరం అరుచుకున్నాం. ఇన్నేళ్ళకి చేతికి దొరికాడు గదా అని, కర్టెన్ల దగ్గర్నుంచి మొదలుపెట్టి ఏకరువు పెట్టాను. ఆయన, సైట్ గురించి మాట్లాడుతూ కర్టెన్లేంటి అన్నాడు. సైట్ గురించే మాట్లాడుతున్నాను అన్నాను.

ఇంతలో వదిన గుమ్మంలోకి వచ్చింది. మెత్తటి మనిషి, ఆవిడ అరవగా నేనెప్పుడూ వినలేదు. నిన్నడిగితే ఆయనకి తెలీదా అన్నావ్, వాడితో ఒక్కసారి అడగరా అంటే నాకు తెలీదా అన్నాడు, ఇద్దరికీ అన్నీ తెలుసు, మధ్యలో నేనొక్కదాన్నే పిచ్చిదాన్ని, ఇకమీదట మీ మాటలు మీరే మోసుకోండి అంది. తలుపు ధడాలున వేసి వెళ్ళిపోయింది. గాజు పగల్లేదు, అదృష్టం.

ఆయన భూతద్దం తీసి బల్ల మీద పెట్టాడు. తర్వాత స్కోరెంతొచ్చింది అని అడిగాడు. చెప్పాను. చెప్పకుండా ఉండాల్సింది. మొహం వెలిగిపోయింది. మరింకేం, నీకు కింద అంచే కుదురుతుందని తేలిపోయిందిగా, సైట్‌ని కదపకు అన్నాడు.

బల్ల మీది ఆకురాయి తీసి ఆయన నెత్తి మీద పెట్టాలనిపించింది. పిస్టల్ తీసుకుని వచ్చేశాను.

మార్చి 19, బుధవారం

వెళ్ళను. చచ్చినా వెళ్ళను.

మార్చి 20, గురువారం

వెళ్ళాను.

వెళ్ళక ఏం చెయ్యను? సోమవారం మనిషి బొమ్మ. గోధుమరంగు అట్ట. దానికి నల్ల గుండ్రం లేదు, కింద అంచూ లేదు. బొమ్మ ఇటు తిరిగితే మూడు సెకన్లు, మళ్ళీ అటు తిరిగిపోతుంది. ఛాతీ మధ్యలో గురిపెడితే ఈ పొట్టి బ్లేడుతో తూటా గొంతు దగ్గర పడుతుంది. కడుపు మీద ఎక్కడో అంచనాగా పెట్టి కాల్చాలి. మూడు సెకన్లలో అంచనాలేంటి, నా చెయ్యి దానికదే మధ్యలోకి పోతుంది. మూడు పాయింట్లు రెండు తూటాల్లో ఎగిరిపోతాయి. ఆ పైన ఇస్త్రీ నాకు విజిటర్స్ టేబుల్ చూపిస్తాడు.

వదిన నన్ను చూసి కౌంటర్ మీద పేపర్ అడ్డం పెట్టుకుంది. వదినా అన్నాను. లోపలున్నాడు అంది, పేపర్ దించకుండా.

లోపలికి వెళ్ళి నిలబడ్డాను. పొడుగుది కావాలి అన్నాను. మొన్న స్కోరు బాగానే వచ్చిందిగా అన్నాడు. వచ్చింది, అయినా పొడుగుది కావాలి అన్నాను. నీ ఇష్టం అంటాడనుకున్నాను. అనలేదు. ఆకురాయి కింద పెట్టాడు. చేతులు గుడ్డకి తుడుచుకున్నాడు, అయిపోయాక మళ్ళీ తుడుచుకున్నాడు. తర్వాత, ఇప్పుడు ఎక్కడ పెడుతున్నావ్ అని అడిగాడు.

పిస్టల్ బల్ల మీద పెట్టాను. మధ్యలో అన్నాను. మధ్యలో అంటే, బ్లేడు పై అంచు మధ్యకి రావాలా, లేక బ్లేడే మధ్యని కప్పెయ్యాలా అన్నాడు. పై అంచు అన్నాను. అద్దాలెప్పట్నుంచి అన్నాడు. పోయిన వారం నుంచి అన్నాను. ఏ దూరానికి ఇచ్చాడు అన్నాడు. రెండు కళ్ళూ తెరుస్తావా అన్నాడు. ఎడమది సగం మూస్తాను అన్నాను. ఎందుకు అన్నాడు. తెలీదు, అలా అలవాటైంది అన్నాను. తలూపాడు.

పొడుగు బ్లేడు బిగించాడు. వెనక నడవలో ఆయనకి ఇసుక పెట్టె ఉంది, పిస్టల్ బాగుచేశాక కాల్చి చూసే చోటు. రేంజి అంత దూరం లేదు, ఆ తేడా లెక్కలో వేసుకుంటానన్నాడు. నేను కాల్చాను, తూటా కింద పడింది. ఎక్కడ పెట్టావ్ అని అడిగాడు. చెప్పాను. బ్లేడు కాస్త రాకాడు. మళ్ళీ కాల్చాను. మళ్ళీ అడిగాడు. మళ్ళీ చెప్పాను. ఒకసారి, ఇప్పుడు చెయ్యి వణికింది, ఈ తూటా నీ లెక్కలో వెయ్యకు అన్నాను. నువ్వు అనేశాను. అన్నాక గానీ నాకే తెలియలేదు. ఆయన వినిపించుకోనట్టే, సరే అన్నాడు, ఆ తూటా లెక్కలో వెయ్యలేదు. పన్నెండేళ్ళలో అడగనన్ని ప్రశ్నలు ఆ నడవలోనే అడిగాడు. నాకు ఏడుపొచ్చింది. తుపాకిమందు పొగ అని కళ్ళు తుడుచుకున్నాను.

చివరికి మూడు తూటాలు వరసగా చూసిన చోటే పడ్డాయి. చాలు అన్నాను. ఆకురాయి ఎత్తేశాడు. అక్కడితో ఆగి ఉంటే ఈపూట ఎంత బాగుండేది! పిస్టల్ చేతికిస్తూ, ఇది బాగానే ఉంది గానీ, నీకు ఆ పొట్టిదే మేలు, నాకు తెలుసు అన్నాడు.

తలుపు నేనూ ధడాలున వేశాను.

మార్చి 24, సోమవారం, మధ్యాహ్నం

ఇస్త్రీ ముందు కాల్చాడు. బాగా కాల్చాడు. లైను దిగి వస్తూ, కంగారుపడకండక్కా, కాలిస్తే అదే పోతుంది అన్నాడు. కంగారుపడమని అంత మర్యాదగా ఎవరూ చెప్పలేరు.

నేను నిలబడ్డాను. బొమ్మ తిరిగింది. ఛాతీ మధ్యలో చూశాను, నొక్కాను. తిరిగిపోయింది. మళ్ళీ తిరిగింది. చెవిలో ఏ గొంతూ లేదు. మొదట అదేదో వెలితిగా ఉంది, రెండోసారికి హాయిగా ఉంది. మధ్యలో ఒకసారి ట్రిగ్గర్ విసురుగా లాగేశాను, ఆ తూటా బొమ్మ భుజం మీద పడింది. అది నా తప్పే, సైట్‌ది కాదు.

బొమ్మ మీద వాడికి నాకంటే ఒకటి ఎక్కువే వచ్చింది. రెండు రోజులవీ కలిపితే నాకు రెండు ఎక్కువ. ఉద్యోగం నాది.

ఇక్కడ ఒక నిజం రాయాలి, ఈ కాగితానికి తప్ప ఇంకెవరికీ చెప్పను. ఆ మొదటి రోజు మూడు పాయింట్లు కింద అంచువి. అవి లేకపోతే ఇవాళ గెలిచేది ఇస్త్రీ. తలుచుకుంటే ఒళ్ళు మండుతోంది. అయినా ఉద్యోగం వదులుకునేంత మండడం లేదు.

ఇస్త్రీ వచ్చి చెయ్యి కలిపాడు. అభినందనలు మేడం అన్నాడు. అక్కా అనలేదు. వచ్చే ఏడు వాడి కాగితం మీద సంతకం పెట్టేది నేనే. పెడతాను. కాస్త తిప్పించుకుని పెడతాను.

మార్చి 25, మంగళవారం

అమ్మ పొద్దున్నే ఫోన్ తీసుకుంది, అల్లుడికి చెప్పాలని. లాక్కున్నాను. ఇదేం చోద్యమే, ఆయన చేసిన సైట్‌తోనేగా గెలిచావ్, కబురు చెప్పకపోతే ఎలా అంది. రెండు సైట్లు చేశాడు, దేనితో గెలిచానని చెబుతావ్ అన్నాను. ఏదో ఒకటి అంది. ఆయన కూడా సరిగ్గా అలాగే అనుకుంటాడు, నాకు తెలుసు. కబురు తెలిస్తే, పొట్టిదానితోనే అని ఊరంతా చెప్పుకుంటాడు.

నువ్వు చెప్పొద్దు, వదినకీ చెప్పొద్దు అన్నాను. ఫోన్ చేసి, పరీక్ష ఏమైంది అని ఆయన నోటితో అడిగితే అప్పుడు నేనే చెబుతాను, ఉన్నదున్నట్టు చెబుతాను, కింద అంచు సంగతితో సహా. నడవలో అన్ని ప్రశ్నలు అడిగినవాడికి ఇదొక్కటి అడగడం కష్టమా అన్నాను.

అడగకపోతే అంది అమ్మ. అడగకపోతే లేదు అన్నాను.

మార్చి 30, ఆదివారం

అడగలేదు. అమ్మ ఫోన్‌ని బల్ల మీద పెట్టి, కుర్చీ వేసుకుని ఎదురుగా కూర్చుంది. నాకూ ఒకటి వెయ్యమన్నాను.